డబ్బా టీవీకి చిన్న బోర్డు: క్యాసెట్ గేములు మళ్లీ 50 హెర్ట్జ్‌లో

మారియో ఆట పెడితే తెర కుడిచేతి పైమూలన టైము 400 నుంచి తగ్గుతా వస్తుంది. అందులో 100 తగ్గడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. 40 సెకన్లు పడితే మీరు ఆడుతున్నది అమెరికా లెక్క. 48 పడితే మన ఇళ్లలో డబ్బా టీవీల పక్కన ఉండిన మిషను లెక్క. ఎమ్యులేటరు (పాత మిషనులా నటించే ప్రోగ్రాము) ఎక్కించుకున్నవాళ్లు చాలామంది "ఏందో తేడాగా ఉంది, చిన్నప్పుడు ఇంత దూకుడు లేదే" అనుకుని, వయసుకి చేతులు మందగించాయని సర్దుకుంటారు. చేతుల్ని అనవసరంగా తిట్టుకోవద్దు. ఆట నిజంగానే ఐదింట ఒక వంతు ఎక్కువ వేగంతో నడుస్తోంది.

నింటెండో వాళ్లు 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్ తెచ్చారు. 1985లో దాన్నే వేరే పెట్టెలో పెట్టి ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికాలో అమ్మారు. నెల్లూరు ట్రంకురోడ్డులోనైనా ఒంగోలులోనైనా కొట్లలో ఎక్కువగా దొరికినవి వాటి నకళ్లు. క్యాసెట్టుకి 60 పిన్నులు, అంటే ఫ్యామికామ్ కొలత (ఎన్‌ఈఎస్ క్యాసెట్టుకి 72 ఉంటాయి). విప్పి చూస్తే చిప్పు బదులు నల్లటి తారుబొట్టు లాంటిది కనపడుతుంది. మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు తెర గీస్తాయి. అమెరికా, జపాన్ టీవీలు ఎన్‌టీఎస్‌సీ, 60 సార్లు. మిషను మన టీవీకి తగ్గట్టు మారింది గానీ క్యాసెట్టులో ఆట మాత్రం 60కి రాసిందే. ఆటలో ప్రతి కదలికకీ కొలత ఫ్రేము, అంటే తెర ఒక్కసారి గీయడం. మారియో గడియారం 24 ఫ్రేములకు ఒక అంకె దిగుతుంది. 100 అంకెలకు 2400 ఫ్రేములు. 60తో భాగిస్తే 40, 50తో భాగిస్తే 48.

అట్టాగని ఎమ్యులేటరులో "పాల్" అని ఉన్నది నొక్కితే పని అయిపోదు. అది యూరప్‌లో అమ్మిన అసలు ఎన్‌ఈఎస్ లెక్క. దాని ప్రాసెసరు 1.66 మెగాహెర్ట్జ్, అమెరికాది 1.79. పాట శ్రుతి ఆ గడియారం నుంచే పుడుతుంది కాబట్టి, పాల్ పెడితే పాట నెమ్మదించడంతో ఆగదు, శ్రుతి కూడా ఒక స్వరస్థానానికి మించి కిందికి దిగుతుంది. మన నకళ్ల చిప్పులు చేసినవాళ్లు తెలివిగలవాళ్లు. ప్రాసెసరుని 1.77 దగ్గరే ఉంచి, 262 గీతల ఫ్రేముకి బొమ్మ గీయడం అయిపోయాక 50 గీతల ఖాళీ కలిపి 312 చేశారు. అందుకే మన మిషన్లలో పాట నిదానంగా వచ్చినా శ్రుతి దాదాపు అదే. ఎమ్యులేటర్లలో ఈ పద్ధతి పేరు "డెండీ". 1992 నుంచి రష్యాలో అమ్మిన ఒక నకలు మిషను పేరు అది. మనకు కావాల్సింది ఈ మూడోది.

ఈ పోస్టు అంతా చిన్న కంప్యూటరు బోర్డుతో డబ్బా టీవీ మీద ఆ 48 సెకన్లు తెప్పించడం గురించే. ప్లేస్టేషన్, నింటెండో 64 లాంటివి కావాలంటే దారి వేరు, బోర్డు వేరు.

ఏ బోర్డు

పాత రాస్ప్‌బెర్రీ పై 3బి గానీ 3బి ప్లస్ గానీ వెతుక్కోండి, అది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు. ("పై" అంటే తెలుగులో తికమక, ఇకనుంచి బోర్డు అంటాను.) కొత్తది, ఖరీదైనది కొంటే మంచిదనే లెక్క ఇక్కడ తిరగబడుతుంది. ఎందుకంటే డబ్బా టీవీకి కావాల్సింది పసుపు ప్లగ్గు సిగ్నలు. అది పై 3లో 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోను సాకెట్టులోంచే వస్తుంది. పై 4లోనూ ఆ సాకెట్టు ఉంది గానీ వీడియోని సెట్టింగులో విడిగా ఆన్ చేయాలి, చేస్తే బోర్డు వేగం కొంచెం తగ్గుతుంది. పై 5లో సాకెట్టే తీసేశారు, బోర్డు మీద చుక్కలకు టంకం వేసుకోవాల్సిందే. జీరో 2 డబ్ల్యూ చవక, చిన్నది, కానీ వీడియోకి అడుగున టంకం వేయాలి, ఆడియో సాకెట్టు లేనే లేదు. దాన్ని ఫ్లాట్ టీవీ వాళ్లకు వదిలేద్దాం. పై 3లో 1.2 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్లు, 1 జీబీ ర్యామ్. మారియో మిషనుకి ఇది ఎలకను కొట్టడానికి ఏనుగును తోలుకొచ్చినట్టు.

ఆన్‌లైనులో "పదివేల గేములు" అని అమ్మే స్టిక్కుల సంగతి అడుగుతారు. వాటికి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది, సెట్టింగులు మార్చనివ్వవు, లోపలి మెమరీ కార్డు పేరూ ఊరూ లేనిది. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ కార్డుని ముందు కంప్యూటరులో ఇమేజిగా, అంటే మొత్తం ఒకే ఫైలుగా, తీసి దాచుకోండి. మొదట పోయేది ఆ కార్డే.

బోర్డు గాక కావాల్సినవి: 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, ఏ1 గుర్తున్నది; 5.1 వోల్టులు 2.5 ఆంపియర్ల అడాప్టరు, నాలుగు భాగాల ఏవీ తీగ, రెండు ప్యాడ్లు, పాత టీవీ. మల్టీమీటరు తప్పనిసరి. చౌకరకమైనా చాలు, బీప్ శబ్దం వచ్చేది చూసుకోండి. ఇక్కడ దొరకని కనెక్టర్లకు నెల్లూరు నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

కార్డు కొన్నాక ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నిండా రాయించి చదివించండి. 32 అని రాసి లోపల 8 పెట్టిన దొంగ కార్డులు సగం నిండిందాకా బాగానే పనిచేస్తాయి. తర్వాత ఫైళ్లు చెడిపోతుంటే మీరు బోర్డుని అనుమానిస్తారు.

టీవీ కొనేటప్పుడు

మరమ్మతు కొట్లలో, పాత సామాన్ల దగ్గర 21 అంగుళాల డబ్బా టీవీలు ఇంకా దొరుకుతున్నాయి. ముందో పక్కనో వెనకో పసుపు, తెలుపు సాకెట్లున్నదే తీసుకోండి. యాంటెన్నా సాకెట్టు మాత్రమే ఉన్న పాతదైతే మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటరో (వీడియోని యాంటెన్నా సిగ్నలుగా మార్చే డబ్బా) పాత వీసీఆరో పెట్టాలి, బొమ్మ మసకబారుతుంది. కొనేముందు ఆన్ చేసి తెల్లటి తెర చూడండి. మూలల్లో పచ్చగానో ఎర్రగానో మచ్చలుంటే భయపడొద్దు. పక్కన స్పీకరు పెట్టడంతో అయస్కాంతం అంటుకుని ఉంటుంది. స్విచ్ తీసి అరగంట ఆగి మళ్లీ వేస్తే టీవీయే దాన్ని పోగొట్టుకుంటుంది, రెండుమూడు సార్లు చేయాల్సి రావచ్చు. వెనక మూత మాత్రం విప్పొద్దు. స్విచ్ తీసేసినా గాజు గొట్టం మీద 20 వేల వోల్టులకు పైగా నిలవ ఉండగలదు.

తీగ దగ్గరే అందరూ పడేది

ఏవీ తీగ కొని తగిలిస్తే బొమ్మ రాదు. లేకుంటే దొర్లుతుంది, స్పీకరులో గుర్రుమంటుంది. బోర్డు పాడయిందనుకుంటారు. నూటికి తొంభై తీగదే తప్పు.

జాక్కు మీద మూడు నల్లటి గీతలు, వాటి మధ్య నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. బోర్డు లెక్కలో మొనలో ఎడమ ఆడియో, దాని వెనక ఉంగరం కుడి ఆడియో, ఆ వెనక ఉంగరం గ్రౌండు, చేత్తో పట్టుకునే పిడికి ఆనుకున్న చివరి భాగం వీడియో. హ్యాండీక్యామ్‌లకీ డీవీడీ ప్లేయర్లకీ అమ్మే తీగలు చూడ్డానికి అచ్చం ఇట్టాగే ఉంటాయి, కానీ కొన్నిటిలో చివరి భాగం గ్రౌండు, దాని ముందు ఉంగరం వీడియో. అది పెడితే టీవీ గ్రౌండంతా వెళ్లి బోర్డు వీడియోకి తగులుతుంది.

మల్టీమీటరుని బీప్‌లో పెట్టండి. ఒక ముల్లు పసుపు ప్లగ్గు బయటి లోహపు చుట్టుకి, రెండోది జాక్కు మీద ఒక్కో భాగానికి ఆనించండి. పిడి వైపు నుంచి రెండో భాగం దగ్గర బీప్ వస్తే తీగ పనికొస్తుంది. పిడికి ఆనుకున్న భాగం దగ్గరే వస్తే పనికిరాదు. గ్రౌండు సరిగ్గా ఉంటే మిగతా రంగులు తారుమారైనా పర్వాలేదు. ఏ ప్లగ్గు నడిమి ముల్లు జాక్కు చివరి భాగంతో కలుస్తుందో చూసి, దాని రంగు ఏదైనా సరే, టీవీ పసుపు సాకెట్టులో దాన్నే పెట్టండి. ఎర్ర ప్లగ్గు పసుపులోకి వెళ్లొచ్చు, తప్పేం లేదు. ఈ మిషను శబ్దం మోనో కాబట్టి ఆడియోకి ఒక్క ప్లగ్గు చాలు.

గ్రౌండు తప్పు ఉంటే తీగ పారేయొద్దు. జాక్కు దగ్గర కోసి, నాలుగు భాగాల కొత్త జాక్కు టంకం వేసుకోండి. లోపల మూడు సన్నతీగలు, ఒక్కోదాని చుట్టూ రాగి జడ ఉంటుంది. మూడు జడల్నీ కలిపి గ్రౌండు ఉంగరానికి, నడిమి తీగల్ని వాటి వాటి భాగాలకి. జాక్కు పీలికల మధ్య సందు బియ్యపుగింజ అంత కూడా ఉండదు. ఒక్కో తీగకీ ష్రింక్ ట్యూబు తొడగకపోతే పిడి బిగించేటప్పుడు ఒకదానికొకటి తగులుకుంటాయి. టంకం పూర్తయ్యాక, పిడి బిగించాక, రెండుసార్లూ బీప్ చూసుకోండి.

కార్డు, సెట్టింగు ఫైలు

సాఫ్ట్‌వేరు రెట్రోపై 4.8, ఎమ్యులేటర్లన్నీ కలిపిన మూట, 2022 మార్చిది. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో ఎమ్యులేషన్ విభాగంలోనే దొరుకుతుంది, మీ బోర్డు పేరున్న ఇమేజిని కార్డుకి ఎక్కించండి. కొత్త రాస్ప్‌బెర్రీ ఓఎస్ మీద విడిగా ఎక్కించాలని చూడొద్దు. కొత్త ఓఎస్‌లో తెర నడిపే డ్రైవరు మారిపోయింది, కింద చెప్పే వరుసలు రాసినా పట్టించుకోదు. పాత ఇమేజి పాత టీవీకి నప్పుతుంది.

కార్డు ఇంకా కంప్యూటరులో ఉండగానే, బోర్డులో పెట్టకముందే, బూట్ అనే చిన్న భాగంలో ఉన్న కాన్ఫిగ్ ఫైలుని నోట్‌ప్యాడులో తెరవండి. ఇది ముందే చేయాలి. ఏమీ రాయకపోతే బోర్డు ఎన్‌టీఎస్‌సీ సిగ్నలు పంపుతుంది, పాల్ మాత్రమే తెలిసిన టీవీలో బొమ్మ తెలుపునలుపుగానో దొర్లుతానో వస్తుంది. నేను తెలుగులో రాసిన పేర్లు ఫైల్లో ఇంగ్లీషు చిన్నక్షరాలతో, మాటల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోరుతో, ఒక్కో వరుసకీ ఒక్కటి కొట్టాలి.

ఎస్‌డీటీవీ మోడ్=18
ఎస్‌డీటీవీ ఆస్పెక్ట్=1
డిసేబుల్ ఓవర్‌స్కాన్=1

హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ అనే వరుస ముందు హాష్ గుర్తు లేకపోతే పెట్టండి. అది పనిచేస్తుంటే పసుపు ప్లగ్గులోకి ఏమీ రాదు. హెచ్‌డీఎంఐ తీగ కూడా బోర్డుకి తగిలించి ఉంచొద్దు.

18 ఎందుకని అడగండి. చాలాచోట్ల 2 పెట్టమని రాసి ఉంటుంది. 2 అంటే మామూలు పాల్: 576 గీతల్ని సరి, బేసి అని రెండు విడతలుగా గీస్తుంది, సన్నగీతలు వణుకుతాయి. దూరదర్శన్‌కి అది సరే. క్యాసెట్టు మిషను అట్టా గీయదు. ప్రతిసారీ అవే గీతల మీద గీస్తుంది, మధ్య గీతలు నల్లగా వదిలేస్తుంది. ఆ సన్నటి నల్లచారలే పాత ఆటల తెర అందం. 18 పెడితే 288 గీతలు, సెకనుకు 50 సార్లు, వణుకు లేకుండా వస్తాయి. నష్టం ఒక్కటే, గేముల జాబితాలో చిన్నక్షరాలు సగం తిన్నట్టు కనపడతాయి. జాబితా చదవడానికి ఇబ్బందిగా ఉంటే పెద్దక్షరాల థీము పెట్టుకోండి, ఆటను చెడగొట్టుకోవద్దు.

ఓవర్‌స్కాన్ వరుస మర్చిపోతే తెర 720x576 బదులు 656x512కి కుంచించుకుపోతుంది, కింద ఇచ్చే కొలతలన్నీ తప్పుతాయి.

మొదటిసారి ఆన్ చేస్తే కార్డుని సర్దుకుని తనే మళ్లీ మొదలవుతుంది. ప్యాడు బటన్లు ఒక్కొక్కటే అడుగుతుంది. లేని బటను అడిగితే ఏదో ఒక బటను కాసేపు నొక్కి పట్టుకోండి, దాటిపోతుంది. ఆటలు ఎక్కించడానికి ఫ్యాట్32 చేసిన పెన్‌డ్రైవులో రెట్రోపై అని ఫోల్డరు చేసి బోర్డుకి పెట్టండి. లైటు మిణుకుమనడం ఆగాక తీసి కంప్యూటరులో చూస్తే లోపల మిషను పేర్లతో ఫోల్డర్లు పుట్టి ఉంటాయి. ఎన్‌ఈఎస్ ఫోల్డరులో ఫైళ్లు వేసి మళ్లీ బోర్డుకి పెడితే అదే లాక్కుంటుంది. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ దానికన్నా పెద్దది.

డెండీ పెట్టడం, బొమ్మ సరిచేయడం

ఆట నడుస్తుండగా సెలెక్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే రెట్రోఆర్క్ (ఎమ్యులేటర్లని నడిపే ప్రోగ్రాము) మెనూ వస్తుంది. ఆప్షన్స్‌లోకి వెళ్లి రీజియన్ దగ్గర ఆటో తీసి డెండీ పెట్టండి. ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్, నెస్టోపియా అనే ఎమ్యులేటర్లు రెండిటిలోనూ ఇది ఉంది. బయటికొచ్చి ఆట మళ్లీ తెరిచి గడియారం కొలవండి. 48కి అటూఇటూ ఒక సెకను వస్తే సరి, చేత్తో స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆపాటి తేడా ఉంటుంది. పాట శ్రుతి కిందికి జారినట్టు వినపడితే డెండీ బదులు పాల్ పడి ఉంటుంది.

ఎక్స్ బటను లేని రెండు బటన్ల ప్యాడుతో ఆడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఈ మెనూ పనికి కీబోర్డు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. సెలెక్ట్ పట్టుకుని బి నొక్కితే ఆట మొదటికొస్తుంది. ఇల్లంతా గోల చేసేది ఇదే. రెట్రోఆర్క్ మెనూలో ఆ రీసెట్ హాట్‌కీని తీసేయడం మంచిది.

తర్వాత బొమ్మ కొలత. రెట్రోఆర్క్ సెట్టింగ్స్‌లో వీడియో, స్కేలింగ్‌కి వెళ్లి ఆస్పెక్ట్ రేషియో కస్టమ్ చేయండి. వెడల్పు 650, ఎత్తు 480, ఎక్స్ 35, వై 48. బైలీనియర్ ఫిల్టరింగ్ ఆఫ్.

ఈ అంకెలు గాల్లోంచి రాలేదు. మిషను గీసేది 240 గీతలు. తెర లెక్కలో ఒక్కోదానికి రెండు చొప్పున 480. 576లో మిగిలిన 96ని పైకీ కిందికీ పంచితే 48. వై సరిసంఖ్యే ఉండాలి, 47 పెడితే రెండు గీతలు కలగలిసి బొమ్మ మసకేస్తుంది. వెడల్పు: మిషను సెకనుకు 53.2 లక్షల చుక్కలు గీస్తుంది, టీవీ ప్రమాణంలో బోర్డు 135 లక్షలు. 256 చుక్కల బొమ్మని ఆ నిష్పత్తిలో సాగదీస్తే 650. మిగిలిన 70ని రెండు పక్కలకీ పంచితే 35. పైనా కిందా నల్లపట్టీలు కనపడితే దిగులు పడొద్దు. 60కి రాసిన ఆటని 50 తెర మీద పెడితే ఆ పట్టీలు వచ్చి తీరతాయి, అప్పుడూ ఉండేవి.

వీడియోలో థ్రెడెడ్ వీడియో ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. బటను నొక్కడానికీ మనిషి ఎగరడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది.

ఫ్లాట్ టీవీ వాళ్లకి

డెండీ పెట్టి టీవీని 60లోనే వదిలేస్తే సెకనుకు 10 ఫ్రేములు రెండుసార్లు కనపడతాయి. మారియో పరిగెత్తేటప్పుడు నేల కుంటుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో హెచ్‌డీఎంఐ గ్రూప్ 1, హెచ్‌డీఎంఐ మోడ్ 19 పెడితే 720 గీతలు 50 హెర్ట్జ్‌లో వస్తాయి. 240కి మూడింతలు సరిగ్గా 720, తెర ఎత్తంతా నిండుతుంది. 1080 కావాలంటే మోడ్ 31, కానీ అందులో నాలుగింతలు 960 దగ్గరే ఆగాలి. రెట్రోఆర్క్‌లో వర్టికల్ రిఫ్రెష్ రేట్ కూడా 50 చేయండి. టీవీలో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి.

తుపాకీ ఆట ఫ్లాట్ టీవీలో ఆడదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, కొట్టాల్సిన బొమ్మ ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది; ఆ వెలుగు అదే క్షణాన కనపడిందో లేదో చూసి తుపాకీ గురి తేలుస్తుంది, ఫ్లాట్ తెర అట్టా వెంటనే వెలగదు. డబ్బా టీవీ ఉన్నా పాత తుపాకీని ఈ బోర్డుకి నేరుగా తగిలించలేరు. దాన్ని వదిలేయండి.

కరెంటు

తెర మూలలో పసుపు మెరుపు గుర్తు కనపడితే బోర్డుకి అందే వోల్టేజి 4.63 కిందికి పోయిందని అర్థం. శబ్దం తెగుతుంది, ప్యాడు ఉన్నట్టుండి పనిచేయదు. అడాప్టరు మార్చినా పోకపోతే తీగ చూడండి. సన్నటి 28 గేజి రాగికి మీటరుకు 0.21 ఓమ్ నిరోధం. మీటరు తీగలో పోనూ రానూ 0.43 ఓమ్. 1 ఆంపియరు లాగితే 0.43 వోల్టు తీగలోనే పోయి, 5.1 కాస్తా 4.67 అవుతుంది. గండం అంచు. అదే 24 గేజి అయితే పోయేది 0.17. కాబట్టి పొట్టి తీగ, లావు తీగ.

ఫ్యాను, హీట్‌సింకు కిట్లు ఈ ఆటలకి దండగ. రోహిణి కార్తెలో కూడా ఈ మిషను బోర్డుని 80 డిగ్రీల దాకా తీసుకెళ్లదు. కాకపోతే బోర్డుని టీవీ వెనక గాలిసందుల మీద పెట్టొద్దు, అక్కడ వేడి టీవీదే. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో వేడికన్నా ఉప్పుగాలి చేటు. ఇత్తడి ప్లగ్గులు పచ్చబడతాయి, బొమ్మలో చారలొస్తాయి. రెండు మూడు నెలలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ప్లగ్గులు, సాకెట్లు తుడవండి.

అసలు బెడద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వానలకి కరెంటు పోతా వస్తా ఉన్నప్పుడు. ఆటలో దాచిన పురోగతి కార్డుకి ఎక్కేది మీరు ఆటలోంచి బయటికొచ్చినప్పుడు మాత్రమే. మధ్యలో కరెంటు పోతే గంటల ఆట గల్లంతు. సేవింగ్‌లో సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ 10 సెకన్లు పెట్టండి. రూటరు కోసం కొన్న చిన్న యూపీఎస్ వాడుకోవాలనుకుంటే 5 వోల్టుల అవుట్‌పుట్ ఉందో లేదో చూసి తగిలించండి. 12 వోల్టులది పెడితే బోర్డు ఆ క్షణమే పోతుంది.

పాత ప్యాడ్లు

యూఎస్‌బీ ప్యాడ్లు కొన్ని వందలకే వస్తాయి, అవి పెట్టుకుని ఆడేస్తే సుఖం. అటక మీద పాత మిషను ప్యాడ్లు ఉండి వాటితోనే ఆడాలనుకునేవాళ్లకి ఇది.

ప్యాడులోంచి వచ్చేవి ఐదు తీగలు: కరెంటు, గ్రౌండు, లాచ్, క్లాక్, డేటా. మిషను లాచ్ తీగ మీద ఒక తట్టు తడుతుంది, ఆ క్షణాన ఏ బటన్లు నొక్కి ఉన్నాయో ప్యాడు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత క్లాక్ తట్టినప్పుడల్లా ఒక్కోటి చెబుతుంది. వరుస ఎప్పుడూ ఒకటే: ఏ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. సెకనుకు 50 సార్లు ఈ హాజరుపట్టీ నడుస్తుంది.

తీగల రంగుల్ని నమ్మొద్దు, ఒక్కో నకలులో ఒక్కో తీరు. ప్యాడు విప్పితే బటన్ల కింద నల్లటి కార్బన్ మచ్చలు జంటలుగా ఉంటాయి. అన్ని జంటల్లోనూ ఒక సగం ఒకే గీతకి కలిసి ఉంటుంది, అది గ్రౌండు. మిగతావి ప్యాడు లోపలి పలక మీద అక్షరాలు అచ్చేసి ఉంటే సరే. లేకుంటే పాత మిషను సాకెట్టు దగ్గర ఆన్‌లో పెట్టి కొలిస్తే 5 వోల్టులున్నది కరెంటు. తక్కిన మూడూ మార్చి మార్చి చూసుకోవాలి, అవి తారుమారైతే బటన్లు పిచ్చిగా పలుకుతాయి తప్ప ఏమీ కాలిపోదు.

కాలిపోయేది కరెంటు తీగ దగ్గరే. పాత మిషను 5 వోల్టులు ఇచ్చింది కదాని బోర్డు 5 వోల్టుల పిన్నుకి తగిలిస్తే, డేటా తీగలో 5 వోల్టులు వెనక్కి వస్తాయి. బోర్డు పిన్నులు 3.3కి మించి తట్టుకోలేవు. ప్యాడు కరెంటుని 1వ పిన్నుకి, అంటే 3.3కి పెట్టండి. ప్యాడు చిప్పు దాంతోనూ పనిచేస్తుంది. గ్రౌండు 6వ పిన్ను, క్లాక్ 19, లాచ్ 23, మొదటి ప్యాడు డేటా 7, రెండో ప్యాడు డేటా 26. కరెంటు, గ్రౌండు, క్లాక్, లాచ్ రెండు ప్యాడ్లకీ ఉమ్మడి. రెట్రోపై సెటప్‌లో డ్రైవర్ల జాబితాలో పాత ప్యాడ్ల కోసం ఉన్న గేమ్‌కాన్ ఎక్కించండి. ఈ పిన్నుల్లో కొన్ని, వేరే చిప్పులతో మాట్లాడే దారి అయిన ఎస్‌పీఐకి కూడా వాడతారు, అది ఆన్‌లో ఉంటే ప్యాడు మూగబోతుంది.

బటను గట్టిగా నొక్కితేగానీ పలకకపోతే లోపలి రబ్బరు గుండీని ఆల్కహాలుతో తుడవండి. అప్పటికీ పలకకపోతే మెత్తటి పెన్సిలుతో నల్లమచ్చ మీద రుద్దండి. కొన్ని నెలలు నడుస్తుంది.

ఆటలు ఎక్కడివి

1957 నాటి మన కాపీరైటు చట్టం 52వ సెక్షను, న్యాయంగా కొన్న ప్రోగ్రాముకి పాడవకుండా బ్యాకప్ తీసుకోనిస్తుంది. "వెయ్యి గేములు ఒక్కటిలో" క్యాసెట్టుకి అది వర్తిస్తుందని ఆశపడొద్దు, ఆ క్యాసెట్టే దొంగది. నెట్టులో దొరికే మూటలూ అంతే. ఉచితంగా, హక్కుగా ఆడుకోదగ్గవి కూడా ఉన్నాయి. నోవా ద స్క్విరల్ అనేది ఈ మిషనుకే ఈమధ్య రాసిన ఆట, ఉచితం, కోడుతో సహా ఇచ్చారు. 240పి టెస్ట్ సూట్ ఆట కాదు గానీ ముందు అదే ఎక్కించండి. అందులో గడులు, గీతలు చూసి 650, 480 సరిగ్గా కూర్చున్నాయో లేదో నిమిషంలో తేల్చుకోవచ్చు. కొత్తగా రాసిన ఆటల్లో కొన్ని 50, 60 తేడాని కనిపెట్టి వేగం తామే సర్దుకుంటాయి. అట్టాంటి ఆటలో గడియారం పరీక్ష పనిచేయదు.

అన్నీ కుదిరాక బోర్డుని మెనూలోంచి షట్‌డౌన్ చేసి, పచ్చలైటు ఆరాక ప్లగ్గు పీకి, కార్డు మొత్తాన్ని కంప్యూటరులో ఇమేజిగా తీసి పెట్టుకోండి. రెండో కార్డుకి అదే ఇమేజి ఎక్కించి, కాగితంలో చుట్టి, టీవీ పక్కకి టేపు వేసి అంటించండి.